సమానంగా పంచిన కషాయం

ఆ గురువారం స్టెల్లా వేసుకున్న ప్లానులో చిక్కుముడి ఒక్కటీ లేదు. ఉదయం మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్ళాలి. తన పరిశోధనకు ఒప్పుకున్న నలభై మంది ఉద్యోగుల వేళ్ళకు సూది గుచ్చి రక్తపు చుక్కలు తీసుకోవాలి. వాళ్ళకిచ్చిన మందు తాలూకు ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం, ఈ పరిశోధనకు సాయం చేస్తున్న ట్రస్టు అధిపతి పద్మావతి గారికి ఫలితం చెప్పాలి. ఆవిడ సరేనంటే పని పెద్ద ఎత్తున సాగుతుంది. కాదంటే స్టెల్లా ఇన్నేళ్ళ కష్టం మదీనాగూడలోని ఆమె అద్దె ఇంటి అటక మీదికి చేరుతుంది.

పరిశోధన చిన్నదే. వేప చెక్క, దానిమ్మ తొక్క, లవంగం వేసి కాచిన కషాయంతో నోరు పుక్కిలిస్తే చిగుళ్ళలోని బ్యాక్టీరియా చస్తుంది. అంతవరకు ల్యాబులో తేలింది. చిగుళ్ళు బాగుపడితే రక్తంలో సీఆర్పీ తగ్గుతుందా అన్నది ఇప్పుడు తేలాలి. సీఆర్పీ అంటే ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందని రక్తం మోసుకొచ్చే చాడీ. అది ఎప్పుడు చూసినా ఎక్కువగా ఉంటే గుండెకు ముప్పు ఉండవచ్చని డాక్టర్లు జాగ్రత్తపడతారు. అందుకే స్టెల్లా సగం మందికి అసలు కషాయం, సగం మందికి అదే రంగూ అదే లవంగం వాసనా ఉన్న ఉత్త నీళ్ళు ఇచ్చింది. ఎవరికి ఏది వెళ్ళిందో వాళ్ళకూ చెప్పలేదు, తనూ తెలుసుకోలేదు. ఆ రెండు జట్లనూ చివర్లో పోల్చి చూడటమే ఈ పరీక్షకు ప్రాణం.

క్యాబ్ హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దిగుతుండగా యజ్ఞనారాయణ ఫోన్ చేశాడు. స్టెల్లా పనిచేసే చిన్న మందుల సంస్థకు ఆయన యజమాని.

"అమ్మా, ఫ్లెక్సీ వచ్చేసింది! 'గుండెకు వేప కవచం, సైన్సు రుజువు చేసింది'. ఎలా ఉందంటావ్?"

"ఇంకా రుజువు కాలేదు సార్."

"మధ్యాహ్నానికి అవుతుంది కదమ్మా!"

"కాకపోతే?"

"పొద్దున్నే ఆ మాటలేంటమ్మా? నువ్వు వెళ్తున్న బిల్డింగు గేటుకే కట్టిస్తున్నా. పద్మావతి గారు వచ్చేదీ అక్కడికే కదా, కారు దిగగానే కళ్ళబడాలి."

"కడితే నేనే విప్పేస్తాను సార్."

"హలో... హలో... సిగ్నల్ లేదమ్మా," అని ఆయన పెట్టేశాడు. ఆ సిగ్నల్ అంతవరకూ నిక్షేపంగా ఉంది.

కింది అంతస్తులోని కంపెనీ ట్రైనింగ్ రూములో స్టెల్లా తెచ్చిన చిన్న యంత్రం చకచకా అంకెలు చూపించింది. మందు మొదలుపెట్టకముందు తీసిన అంకె కన్నా మొదటి మనిషికి సీఆర్పీ తగ్గింది. రెండో మనిషికీ తగ్గింది. పదిమందికి తగ్గేసరికి స్టెల్లాకు ఒళ్ళు పులకరించింది. పాతికమందికి తగ్గేసరికి అదే ఒళ్ళు చల్లబడింది. వీళ్ళలో సగం మంది వాడింది రంగు నీళ్ళు. రంగు నీళ్ళకు ఎందుకు తగ్గాలి?

సరిగ్గా అప్పుడే రసజ్ఞ వచ్చి కూర్చుని వేలు చాపింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేసే చలాకీ పిల్ల.

"మేడం, మా టీమే ఫస్ట్ కదా?"

"ఇది పోటీ కాదమ్మా. నీ సీసా ఏది?"

"సీసా ఎక్కడిది మేడం? అంత డ్రమ్ముల ఉంది కద."

"ఏ డ్రమ్ము?"

"మన కషాయం డ్రమ్ము! మీకు చెప్పలేదా? రండి చూపిస్త. లిఫ్ట్ కోసం ఆగితే లంచ్ టైం అయితది, మెట్లెక్కుదాం. కషాయం కోసం మేం రోజూ ఎక్కుతం."

ఎనిమిదో అంతస్తు పాంట్రీకి చేరేసరికి స్టెల్లాకు ఊపిరాడలేదు. రసజ్ఞకు చెమట కూడా పట్టలేదు. పాంట్రీలో, పెళ్ళిళ్ళలో మజ్జిగ పోసే రకం కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము తళతళలాడుతోంది. దాని మీద అంటించిన కాగితంలో 'గుండె కషాయం. మనిషికి ఒక కప్పు. రెండోసారి అడగొద్దు' అని రాసి ఉంది. పాంట్రీ పెద్ద ఎల్లేశం దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఎల్లేశం గారూ, ఇందులో ఏముంది?"

"మీ మందే మేడం. అందరి సీసలు ఈ డ్రమ్ములనే వోసినం. ఫికర్ వద్దు, ఒక్క చుక్క గూడ కింద వడలే."

"అన్నీ కలిపేశారా?"

"కలపకుంటె లొల్లి గాదా? కొందరిది చేదున్నది, కొందరిది సప్పగున్నది. చేదు దాగినోళ్ళు కాలరెగరేసుడు, సప్పటిది దాగినోళ్ళు మొఖం మాడ్సుకునుడు. సారు జెప్పిండు, కలిపినం. ఇగ అంత ఖుష్."

స్టెల్లాకు ఇంకొక మాట ఆలస్యంగా తగిలింది. "తాగడమేంటి? పుక్కిలించి ఉమ్మేయాలి కదా!"

ఎల్లేశం నొచ్చుకున్నాడు. "గంత మంచి మందును ఉమ్ముతరా మేడం ఎవలన్న?"

స్టెల్లా అక్కడున్న స్టూలు మీద కూలబడింది. సారు లోపలికొచ్చాడు. సారంటే అడ్మిన్ మేనేజరు కృపానందం. బందరు మనిషి, స్టెల్లా వెళ్ళే చర్చికే వస్తాడు, ఈ నలభై మందినీ ఒప్పించి పెట్టింది కూడా ఆయనే. ఆయన రాజ్యంలో పాంట్రీ గడప దాటి వచ్చిన ప్రతి తినుబండారమూ ఉమ్మడి ఆస్తి. రంజాన్ హలీమైనా, క్రిస్మస్ కేకైనా, ఎవరింట్లోనో మిగిలిపోయిన పులిహోరైనా అందరి కప్పుల్లోకీ సమానంగా వెళ్ళాల్సిందే. సొంత డబ్బా పట్టుకుని మూలకు పోయి తినడం ఆ ఆఫీసులో అన్నిటికన్నా పెద్ద నేరం.

"చూశావా అమ్మా మా ఏర్పాటు?" అన్నాడు ఛాతీ విరుచుకుని.

"అంకుల్, ఎందుకు కలిపారు?"

"సగం మందికి మందూ, సగం మందికి రంగు నీళ్ళూనా? మా పిల్లలేం పాపం చేశారమ్మా? నేనుండగా ఈ ఆఫీసులో అలాంటి తేడాలు నడవవు."

"ఆ తేడాయే పరిశోధన అంకుల్! అదంతా కాగితంలో రాశాం. మీరు సంతకం కూడా పెట్టారు."

"సంతకం పెట్టే కాగితాన్ని ఎవరైనా చదువుతారటమ్మా?"

"ఒక్క నియమమైనా పాటించారా?"

"పాటించకపోవడమేంటి? వాడాక గంటసేపు ఏమీ తినొద్దన్నారు కదా. అందుకే సరిగ్గా సాయంత్రం సమోసాలు వచ్చే వేళకే డ్రమ్ము తెరిపించేవాణ్ణి. సమోసాలు పూర్తిగా బంద్! రసజ్ఞని చూడు, సగమైపోయింది."

మెట్లు. సమోసాలు. స్టెల్లాకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మొదటిసారి రక్తం తీసిన వారంలో ఆఫీసంతా వైరల్ జ్వరంతో దగ్గుతూ ఉంది. జ్వరమున్నప్పుడు సీఆర్పీ ఎటూ పెరుగుతుంది, జ్వరం పోతే ఎటూ దిగుతుంది. అంటే ఇందాక యంత్రం చూపిన అంకెలకు అర్థమంటూ ఏమీ లేదు.

ఆమె లేచి నిలబడి పాంట్రీ అదిరేలా అరిచింది. "ఇక ఎవ్వరూ ఒక్క చుక్క కూడా తాగొద్దు! డ్రమ్ము కదిలించకండి! దీన్ని ల్యాబుకు పంపాలి!"

కాఫీ మిషను దగ్గర నిలబడ్డ హెచ్ఆర్ భరత్ ఈ మూడు వాక్యాలూ విన్నాడు. వాటికి ముందు జరిగిందేదీ వినలేదు. కప్పు అక్కడే వదిలేసి, కంపెనీ మొత్తానికీ మెసేజ్ పెట్టాడు: 'పాంట్రీ కషాయం తాగవద్దు. ల్యాబు పరీక్షకు వెళుతోంది. తాగినవారు భయపడవద్దు.'

భయపడవద్దు అన్న మాట చదివిన క్షణంలోనే నలభై కడుపుల్లో తిప్పడం మొదలైంది. ఒకడికి కళ్ళు తిరిగాయి. ఇంకొకడికి ఎడమ చెయ్యి లాగింది. సూది గుచ్చిన వేలు ఆ చేతిదేనని వాడికి తట్టలేదు. రసజ్ఞ వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "మమ్మీ, నేను మంచిగనే ఉన్న, నువ్వైతే ఏడ్వకు," అంది. అప్పటిదాకా వాళ్ళమ్మకు ఏడ్చే ఉద్దేశమే లేదు. ఆ బిల్డింగు సెక్యూరిటీకి ఆపద ఏదైనా తెలిసిన మందు ఒక్కటే, ఫైర్ అలారం. అది నొక్కారు. కషాయమన్న మాటే వినని మిగతా కంపెనీలవాళ్ళంతా ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని రోడ్డు మీదికి దిగారు. కార్లు ఆగిపోయాయి. ఎవరు పిలిచారో తెలియకుండా రెండు అంబులెన్సులు వచ్చి నిలబడ్డాయి.

నలభై మంది ఛాతీలు పట్టుకుని, గేటు దగ్గర నీడ ఉన్నచోట కూర్చున్నారు. ఆ నీడ ఫ్లెక్సీది. గుండెకు వేప కవచం.

పద్మావతి గారి కారు సరిగ్గా అక్కడే ఆగింది. ప్రొద్దుటూరు మనిషి, ఒకప్పుడు పేరున్న గుండె డాక్టరు. ఫ్లెక్సీ వైపు చూసింది, కింద మూలుగుతున్నవాళ్ళ వైపు చూసింది.

"ఏం సామీ, ఇదేనా మీ కవచం?"

"మాక్ డ్రిల్ అండీ! ఆరోగ్యం మీద అవగాహన!" అన్నాడు, ఫ్లెక్సీ కట్టించి ఆవిడ కోసమే గేటు దగ్గర కాచుకుని ఉన్న యజ్ఞనారాయణ. ఆ వెంటనే, అప్పుడే మెట్లు దిగి వచ్చిన స్టెల్లాను అంబులెన్సు వెనక్కి లాక్కెళ్ళాడు. "తొందరగా చెప్పు, ఎంతమందికి తగ్గింది?"

"సూది గుచ్చిన ప్రతి ఒక్కరికీ."

"అమ్మా, నువ్వు బంగారం!"

"బంగారం కాదు సార్. సీసాలన్నీ డ్రమ్ములో కలిపేశారు. పోల్చడానికి రెండో జట్టే లేదు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన అంతకన్నా ఎక్కువసేపు ఎప్పుడూ ఆలోచించలేదు. "అంటే అందరూ మందు తాగినట్టే! ఇంకా మంచిది. డ్రమ్ము మాట ఎత్తకు."

"అబద్ధం చెప్పమంటారా?"

"ఎవరు చెప్పమన్నారు? 'తగ్గింది' అను. అక్కడ ఆగు."

"ఆగను సార్."

"ఆగకపోతే రేపటినుంచి ఆఫీసుకు రానక్కర్లేదు."

"ఎల్లుండి కూడా రాను సార్," అని స్టెల్లా సెక్యూరిటీ చేతిలోని మైకు లాక్కుని డివైడరు ఎక్కింది.

"అందరూ వినండి! ఈ పరిశోధన నాది. మీరు తాగింది విషం కాదు. వేప, దానిమ్మ తొక్క, లవంగం. అదీ సగం నీళ్ళతో. మీ కడుపులో తిరుగుతున్నది మెసేజ్, మందు కాదు!"

నలభై కడుపులూ ఒక్కసారిగా నిమ్మళించాయి. వెనకనుంచి ఎవరో లంచ్ సంగతేంటని అడిగారు.

"ఇంకో మాట. మీకు సీఆర్పీ తగ్గింది." ఈలలు పడ్డాయి. యజ్ఞనారాయణ ముఖం వెలిగింది. "కషాయం వల్ల తగ్గిందో లేదో నాకు తెలియదు! ఎనిమిది అంతస్తులు ఎక్కడం వల్ల కావచ్చు. సమోసాలు మానడం వల్ల కావచ్చు. అప్పుడున్న జ్వరం ఇప్పుడు లేకపోవడం వల్ల కావచ్చు. తెలిసిపోయిందని ఎవరు చెప్పినా అబద్ధమే. ఆ ఫ్లెక్సీతో సహా!"

దిగి వెళ్ళి ఫ్లెక్సీ తాళ్ళు పట్టుకుంది. ముడి ఊడలేదు. పంటితో లాగింది. అయినా ఊడలేదు. ఎల్లేశం జనంలోంచి వచ్చి, "గట్ల గాదు మేడం, ఇగో," అని ఉల్లిగడ్డలు కోసే చాకు ఇచ్చాడు. వేప కవచం యజ్ఞనారాయణ కారు అద్దం మీద పడి దాన్ని పూర్తిగా కప్పేసింది.

కృపానందం ముందుకొచ్చాడు. "అయితే మేం చేసింది తప్పంటావా అమ్మా?"

"తప్పే అంకుల్."

"కానే కాదు! పక్కవాడి చేతిలో మందు పెట్టి, నా చేతిలో నీళ్ళు పెట్టి, పంచుకోకుండా కూర్చోమనడం మీ తప్పు. రేపు మళ్ళీ ఇవ్వు, మళ్ళీ కలుపుతాం!"

ఆయనకు స్టెల్లాకన్నా పెద్ద చప్పట్లు పడ్డాయి.

పద్మావతి గారు నింపాదిగా నడిచి వచ్చింది. "ఏం పాపా, నీ ఉద్యోగం ఉందా?"

"ఇప్పుడే పోయింది మేడం."

"అట్లనా. ఈ పనికి సాయం ఆపేస్తానని చెప్పిపోదామనే వచ్చినా నేను. ఈ బోర్డు ఫోటో పొద్దున్నే మీ సారు నాకు పంపినాడు. రక్తం తీయకముందే ఫలితం అచ్చేసుకున్నోళ్ళతో నాకేం పని?"

"అది ఉత్సాహమండీ..." అన్నాడు యజ్ఞనారాయణ.

"నువ్వుండు సామీ. పాపా, మళ్ళా మొదటి నుంచి చెయ్. నా ట్రస్టులోకే వచ్చి చెయ్. పనిచేయదని తేలినా ఇట్లనే డివైడరెక్కి చెప్పాల. నిన్ను మెచ్చుకుంటా ఉన్నాననుకోవద్దు, ఆ కషాయం మింద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు."

"నాకూ ఇంకా లేదు మేడం. అందుకే పరీక్ష."

"ఒకటే షరతు. ఎవరి సీసా వాళ్ళే వాడుకునే మనుషుల్ని చూసుకో."

ఆ షరతు చాలా సులువనుకుంది స్టెల్లా. హఫీజ్‌పేట్‌లో ఒక బడి స్టాఫ్ రూముకు వెళ్ళింది. అక్కడి టీచర్లు సీసాలు చూడగానే పెద్ద గిన్నె ఎవరింట్లో ఉందని అడిగారు. నర్సుల హాస్టలుకు వెళ్ళింది. అక్కడ తల నూనె కూడా ఎవరికీ విడిగా లేదు. చర్చిలో అడుగుదామనుకుంది గానీ, ముందు వరసలో కృపానందం నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.

చివరికి తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ దొరికింది. ఎదుటి ఫ్లాటులో ఎవరుంటారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా ఎవరికీ లేదు. గుండె ఆరోగ్యం మీద పరిశోధనకు నగరంలో ఇంతకన్నా అనువైన చోటు లేదని స్టెల్లా పద్మావతి గారికి రాసి పంపింది.