మిడతలకు పసుపు

గిద్దలూరు అడవి బంగళా వాచరు ఓబులయ్యకు గొర్రెలంటే విసుగు. మంద కాయలేకనే సర్కారు కొలువులో చేరాడు. ఆరేళ్లయినా ఆ కొలువు ఖాయం కాలేదు. ఆ ఉదయం మద్రాసు నుంచి పురుగుల దొర వస్తున్నాడు. ఆయన చేత రెండు మంచి మాటలు రాయించుకుంటే చాలు, గండం గట్టెక్కినట్టే.

దొర ముందే కబురంపాడు. రేగుకంపల్లో కూసే పచ్చ మిడతలు కావాలి. ఒంటికంటే పొడుగు మీసాలుంటాయి. రెక్కలు రుద్ది కూసేది మగది, తోకన కొడవలిలాంటి ముల్లున్నది ఆడది. ఒక బుట్టలో ఆడా మగా కలిపి, రెండో బుట్టలో మగవాటినే ఉంచాలి.

రాత్రి అలాగే పట్టి ఉంచి, తెల్లవారి ఓబులయ్య మొదటి బుట్ట మూత తీశాడు. ప్రతి ఆడమిడత తోక కిందా తెల్లటి జిగురుముద్ద వేలాడుతోంది. ఎంతైనా గొర్రెలకాపరి కొడుకు, జబ్బని తేల్చేశాడు. భార్య గురమ్మను కేకేశాడు.

"పుండ్లు లేచినాయే. సరిగ్గా మేపలేదంటాడు దొర."

"పీకేసి పసుపు పెడితే మానిపోతాది," అంది గురమ్మ.

ఇద్దరూ కూర్చుని ముద్దలన్నీ పీకి, ముప్పై తోకలకూ పసుపు పట్టించారు. జబ్బు అంటకుండా మగవాటిని ఏరి రెండో బుట్టలో పడేశారు.

పది గంటలకు దొర మూత తీసి ఎగిరి గంతేశాడు. పసుపు తోక మిడత ఇంతవరకూ ఎవరికీ దొరకలేదట. కొత్త జాతికి ఓబులయ్య పేరే పెడతానన్నాడు. ఇంతలో దొర వేలికి పసుపంటింది.

ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాడు. దొర తల పట్టుకున్నాడు. అది పుండు కాదట, జతకట్టినప్పుడు మగది ఇచ్చే పెండ్లికానుకట. ఆడది దాన్ని తీరిగ్గా తింటుందట. అది చూడటానికే ఇంత దూరం వచ్చాడట. ఉద్యోగం పోయినట్టేనని ఓబులయ్యకు ఏడుపొచ్చింది.

"పెండ్లికూతుళ్లు పసుపు పూసుకొనే ఉండారు దొరా," అన్నాడు ఆఖరికి. "పక్క బుట్టలో పెండ్లికొడుకులుండారు. కలిపితే పోలా?"

కలిపి, పైన తన గొంగళి కప్పాడు. ఆ చీకట్లో కాసేపటికే కూతలు మొదలయ్యాయి. దొర లాంతరు తీసుకుని గొంగళిలో దూరి, పొద్దు వాలేదాకా బయటికి రాలేదు. వచ్చాక ఓబులయ్యను కౌగిలించుకుని, గొంగళి చంకన పెట్టుకుని మద్రాసు వెళ్లిపోయాడు.

నెలకు హుకుం వచ్చింది. ఓబులయ్య కొలువు ఖాయం, హోదా మిడతల కాపరి.

గురమ్మ నిట్టూర్చింది. "గొర్రెలైతే గొంగళ్లు ఇచ్చేవి. ఇవి ఉన్న గొంగళిని పట్టుకుపోయినాయి."