తలుపులో పట్టని పరుపు

నా తోడల్లుడు విల్బెర్త్ కనూల్ నాకు ఏ అపకారమూ చేయలేదని ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేస్తున్నాను. ఆయన నాకు చేసినవన్నీ ఉపకారాలే. కాకపోతే ఒక్కో ఉపకారానికి నా చేలో ఒక్కో ముక్క ఖర్చయింది.

మేమిద్దరం దోన్యా బసిలియా కూతుళ్ళని చేసుకున్నాం. పెద్దమ్మాయి ఆయన భార్య, చిన్నమ్మాయి లిగియా నా భార్య. ఆయన హైస్కూలు చదివి సిమెంటు ఇటుకల వ్యాపారం పెట్టాడు. నేను మూడో తరగతిలో బడి మానేసి మా నాన్న వెనకాల మొక్కజొన్న చేలోకి నడిచాను. కనుక మా ఇద్దరిలో ఎవరి మాట చెల్లాలన్నది బళ్ళోనే తేలిపోయింది.

మా నాన్న నాకు వదిలిన ఆ చేను మెరిదా పట్నం రోడ్డు దగ్గర మొదలై, నేల కుంగి ఏర్పడిన నీళ్ళ బిలం దాకా ఉండేది. రోడ్డు పక్కన నిమ్మచెట్లు, మధ్యలో మొక్కజొన్న, దాని వెనక తేనెపెట్టెలు, చివర బిలం. చుట్టుపక్కల వాళ్ళందరూ తమ నేలలు మోంతెరేయ్ నగరం నుంచి వచ్చిన గారాతే అనే వకీలు గారికి అమ్మేశారు. ఆయన అక్కడ ‘విశ్రాంతి గ్రామం’ కడతాడట. బిలం నాది, దారి నాది. నేను అమ్మనన్నాను. రెండోసారి అడిగితే రెండోసారీ అమ్మనన్నాను. మూడోసారి వకీలు గారు నేల ఊసే ఎత్తలేదు. ఒక పరుపు తెచ్చారు.

అది మామూలు పరుపు కాదు. గట్టి పరుపు. పెద్దవాళ్ళ ఇళ్ళలో ఉండే రకం. నాలుగు వైపులా రెండేసి మీటర్లు. దాని కింద ఇనుప మంచం, మంచంలో మోటారు, చేతిలో రిమోటు. తల వైపు లేపొచ్చు, కాళ్ళ వైపు లేపొచ్చు, నడుముకి ఎంత ఆసరా కావాలో ఒకటి నుంచి వంద దాకా మీట నొక్కి చెప్పొచ్చు. అలాంటి పరుపు మీద మార్కెట్లోకి రాకముందే ప్రజాభిప్రాయం తెలుసుకోవాలని కంపెనీ నిశ్చయించిందట. ఆ పనికి దేశం మొత్తం మీద, పుట్టి బుద్ధెరిగి వల ఉయ్యాలలో తప్ప పడుకోని మా ఊరిని ఎంపిక చేసింది. మాకు ఏ పరుపు మీదా పక్షపాతం లేకపోవడమే కారణమని వకీలు గారు వివరించారు. ఇది న్యాయంగానే ఉంది.

పంచాయతీ సావిడిలో సభ జరిగింది. విల్బెర్త్ అధ్యక్షుడుగా పరుపు మూల్యాంకన సంఘం ఏర్పడింది. వకీలు గారు మైకు పట్టుకున్నారు.

“ఈ ప్రాంత ప్రజలు వేల ఏళ్ళుగా గాలిలో వేలాడుతున్నారు. ఇక నేల మీదికి దిగే రోజు వచ్చింది. వెన్నెముక జాతి సంపద. దాన్ని నిటారుగా ఉంచడం ప్రతి పౌరుడి బాధ్యత.”

అందరం చప్పట్లు కొట్టాం. మా అత్తగారు దోన్యా బసిలియా కూడా కొట్టింది. ఆవిడ తొమ్మండుగురిని ఉయ్యాలలోనే కని, భర్తని కూడా ఉయ్యాలలోనే సాగనంపిన మనిషి. మొదట పడుకునే గౌరవం పెద్దావిడకే ఇచ్చారు. ఆవిడ చెప్పులు విప్పి, పరుపెక్కి, అలవాటు ప్రకారం మూల నుంచి మూలకి ఏటవాలుగా పడుకుని, కాసేపు ఎదురుచూసింది.

“నాయనా, దీన్ని ఊపేదెట్లా?”

“ఊపక్కర్లేదు దోన్యా. ఇది కదలదు. దీని గొప్పతనమే అది.”

“మరి నిద్రెట్లా వస్తుంది?”

ఈ ప్రశ్నకి కంపెనీ పుస్తకంలో జవాబు లేదు. సంఘం సభ్యులు చర్చించి, మంచం కాలికి తాడు కట్టి ఇద్దరు మగవాళ్ళ చేత లాగించారు. సావిడి గచ్చు మీద నాలుగు గీతలు పడ్డాయి. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి చుట్టూ కంచె కట్టారు. ఊపు విషయంలో పరుపుకి సున్నా వేశారు.

గట్టిదనం పరీక్ష తర్వాత జరిగింది. మీట వంద మీద పెట్టారు. మా అత్తగారు వేళ్ళతో పరుపుని తట్టి చూసింది.

“ఇంత గట్టిది కావాలంటే నేల ఉంది కదయ్యా. దానికి రిమోటు కూడా అక్కర్లేదు.”

వకీలు గారు ఈ మాటని అమూల్యమైన సూచనగా పరిగణించి రాసుకున్నారు. పొద్దున్నే దీన్ని ఎక్కడ తగిలిస్తారని ఆవిడే అడిగింది. తగిలించరు, ఇక్కడే ఉంటుందని ఆయన చెప్పారు. “పగలంతానా? మరి మనుషులు ఎక్కడుంటారు?” అంది. ఉయ్యాల అయితే లేవగానే చుట్టి కొక్కేనికి వేస్తాం, ఆ గదే వంటిల్లవుతుంది, చుట్టాలొస్తే చావడవుతుంది. పరుపు మాత్రం లేవనివాడిలా రోజంతా అక్కడే పడి ఉంటుందని తెలిశాక సభలో ఒక రకమైన గౌరవం కనిపించింది. మా ఊళ్ళో రోజంతా ఏ పనీ చేయకుండా చోటు ఆక్రమించేవాడు పంచాయతీ పెద్ద ఒక్కడే.

చివర నా వంతు వచ్చింది. నేను పడుకున్నాను. వీపు కింద అంతా ఒకటే మట్టం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రొమ్ము మీద పెట్టుకున్నాను. పైకి చూస్తే చుట్టూ జనం నిలబడి నా మొహంలోకి తొంగిచూస్తున్నారు. ఎలా ఉందని వకీలు గారు అడిగితే ఉన్నమాట చెప్పాను.

“శవపేటిక కన్నా వెడల్పుగా ఉందండి. మిగతాదంతా అంతే.”

జనం నవ్వారు. వకీలు గారు నవ్వలేదు. ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపి, తన ఉద్యోగ జీవితంలో ఇంత నిజాయితీ గల మూల్యాంకనం వినలేదన్నారు. అధ్యక్షుడు విల్బెర్త్ వెంటనే ఒక తీర్మానం ప్రవేశపెట్టాడు. ఉత్తమ మూల్యాంకనకర్తకి పరుపునే బహుమతిగా ఇవ్వాలని. అందరూ చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. వ్యతిరేకంగా చెయ్యెత్తడం ఎలాగో నాకు మూడో తరగతి దాకా చెప్పలేదు.

లారీలో పరుపు మా ఇంటికి వచ్చింది. మాది తాటాకు కప్పు, గుండ్రటి చివర్ల మట్టిగోడల ఇల్లు. ఎదురుగా ఒక తలుపు, వెనక ఒక తలుపు. రెండింట్లోనూ పరుపు పట్టలేదు. నిలువుగా పెట్టి చూశాం, అడ్డంగా పెట్టి చూశాం. విల్బెర్త్ దూరంగా నిలబడి సలహాలు ఇచ్చాడు. చివరికి దాన్ని పెరట్లో సపోటా చెట్టు కింద పెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పాం. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పక్క ఊరి నుంచి సైకిళ్ళ మీద వచ్చారు. కోళ్ళు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా మూల్యాంకనం మొదలుపెట్టాయి.

అమ్మేద్దామన్నాను. ఊళ్ళో దాన్ని పట్టే తలుపు విల్బెర్త్ ఇంటికి ఒక్కదానికే ఉంది. ఆయన తనకి ఉయ్యాలే హాయన్నాడు.

జూన్ వానలు దగ్గరపడ్డాయి. లిగియా రొట్టెలు కాలుస్తూ నా వైపు చూడకుండానే అంది:

“ఊరంతా చూసింది. గెలిచిన పరుపుని ఇంట్లోకి తెచ్చుకోలేని వాడి పెళ్ళాన్ని అనిపించుకోమంటావా?”

“కోళ్ళకిద్దాం.”

“మా అక్క మొహం ఎట్లా చూడను?”

ఆ సాయంత్రం విల్బెర్త్ వచ్చాడు. మంచి తేనె తాగి, నా భుజం మీద చెయ్యేశాడు.

“తమ్ముడూ, పరుపుని ఇంట్లో పెట్టలేకపోతే ఇంటినే పరుపు చుట్టూ పెట్టాలి. ఇటుకలు నావి, మేస్త్రీ నా మనిషి. నేనున్నాగా.”

గది లేచింది. నిజం చెప్పాలంటే పరుపుని ముందు మధ్యలో పెట్టి, దాని చుట్టూ నాలుగు గోడలు లేపారు. ఇప్పుడు దాన్ని బయటికి తీయాలంటే గోడ పగలగొట్టాలి. ఆ గదికి బదులు రోడ్డు పక్క నిమ్మచెట్ల ముక్క విల్బెర్త్ పేరు మీదికి వెళ్ళింది. మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే ఎదురెదురు గోడల్లో ఉయ్యాల కొక్కేలు బిగించాడు. ఇది పరుపు గది కదయ్యా అంటే, కొక్కేలు లేని గది తన చేత్తో ఎప్పుడూ కట్టలేదని, ఆ పాపం తను మూటగట్టుకోలేనని అన్నాడు.

సిమెంటు గది మే నెల రొట్టెల పెనంలా ఉంది. పరుపు మీద ఉడుకెత్తిపోయాం. వకీలు గారిని అడిగితే, ఈ పరుపు సక్రమంగా పనిచేయాలంటే ఇరవై రెండు డిగ్రీల చల్లదనం కావాలన్నారు. మనిషి సక్రమంగా పనిచేయాలంటే ఎంత కావాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. విల్బెర్త్ ఏసీ తెప్పించాడు. మొక్కజొన్న ముక్క వెళ్ళింది. ఏసీకి పెద్ద మీటరు కావాలన్నారు. తేనెపెట్టెల ముక్క వెళ్ళింది. తేనెటీగలు వారం దాకా నిమ్మచెట్ల దగ్గరికి వచ్చిపోతూ ఉండేవి, వాటికి దస్తావేజుల సంగతి తెలియదు కనుక.

అప్పుడొక సోమవారం, ఆ రోజు ఆనవాయితీ ప్రకారం చిక్కుడు గింజలూ పంది మాంసం తిన్నాక, మా అత్తగారు ఆ గదిలోకి వెళ్ళి పరుపు మీద నడుం వాల్చింది. చేతికందిన రిమోటు మీద ఏవేవో నొక్కింది. తల వైపు లేచింది. ఆగకుండా కాళ్ళ వైపూ లేచింది. రెండు చివర్లూ పూర్తిగా పైకి లేచి, నడుము కిందికి దిగి, పరుపు మధ్యలో ఆవిడ ముడుచుకుపోయిన క్షణాన కరెంటు పోయింది. మోటారూ, ఏసీ కలిసి లాగేసరికి స్తంభం మీద ఏదో కాలిపోయింది. మేం పరుగెత్తుకెళ్ళి చూస్తే పరుపు అంచుల మధ్య నుంచి ఆవిడ కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

“అత్తమ్మా, దెబ్బ తగిలిందా?”

“తలుపెయ్యి అల్లుడూ. ఇన్నాళ్ళకి ఇది దారికొచ్చింది.”

ఆవిడ సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచాక పరుపుకి పదికి పది వేసింది. శాస్త్రజ్ఞులు ఎన్నేళ్ళు కష్టపడ్డారో, ఎన్ని మోటార్లు కాల్చారో, చివరికి ఆ పరుపు చేత ఉయ్యాల వేషం వేయించగలిగారు. ఊపు ఒక్కటే లోటు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నిటారైన వెన్నెముకలతో మా కుటుంబం పరుపు మీద ఉండగా ఫోటో తీయడానికి కంపెనీ వాళ్ళు ఆ శనివారమే వస్తున్నారు. కరెంటు లేక పరుపు రెండు చివర్లూ పైకెత్తుకుని విరిగిన పడవలా నిలబడి ఉంది. ఇరవై మంది మగవాళ్ళం అంచుల మీద కూర్చుని చూశాం. దిగలేదు. లిగియా అప్పటికే ఊరందరినీ పిలిచేసింది. ఆ నెలలోనే ఆవిడని కొట్లో, అమ్మగారు అన్నట్టు, దోన్యా లిగియా అనడం మొదలుపెట్టారు. అంతకుముందు నా పేరుతో ‘ఏయ్, చులింగాడి పెళ్ళామా’ అనేవాళ్ళు.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ తప్ప దారి లేదని కరెంటాఫీసు చెప్పింది.

నేను బిలం దగ్గరికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. నాకు ఈత నేర్పింది అక్కడే, మా నాన్న. విల్బెర్త్ వెనకాలే వచ్చాడు. పాపం, చెప్పులు విప్పి నా పక్కనే కూర్చున్నాడు.

“ఇది ఇవ్వను” అన్నాను.

“ఇవ్వొద్దు. ఎవరిమ్మన్నారు? దారి ఇప్పుడు నాది కదా తమ్ముడూ, నువ్వు ఇక్కడికి ఎట్లా వస్తావో అదొక్కటే ఆలోచిస్తున్నా.” నీళ్ళలోకి ఒక రాయి వేశాడు. “ఏం పర్లేదు. నేనున్నాగా.”

శనివారానికి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, పరుపు చదునుగా పడుకుంది. మేం దాని మీద వరుసగా పడుకున్నాం. ఫోటో బాగా వచ్చింది. మెరిదా బస్‌స్టాండులో పెద్ద బోర్డు మీద చాలా కాలం ఉంది. అందులో కళ్ళు మూసుకున్నవాణ్ణి నేనే. నిద్రపోతున్నానని అందరూ అనుకున్నారు.

ఇప్పుడు నేనూ, లిగియా, అత్తగారూ ఆ గదిలోనే పడుకుంటాం, ఏసీ వేసుకుని, మేస్త్రీ పెట్టిన కొక్కేలకి ఉయ్యాలలు కట్టుకుని. కింద పరుపు ఉంటుంది. దాని మీద మా అత్తగారు చిక్కుడు గింజలు ఏరుతుంది. ఆసరా నలభై మీద పెడితే గింజలు దొర్లకుండా ఉంటాయని కనిపెట్టింది. పరుపు పనితనం గురించి నా అభిప్రాయం అడిగితే, గింజలకి శ్రేష్ఠం అని నిస్సంకోచంగా చెబుతాను.

విశ్రాంతి గ్రామం పోయిన చలికాలంలో ప్రారంభమైంది. విల్బెర్త్ దాని డైరెక్టరు. వకీలు గారు మళ్ళీ మైకు పట్టుకున్నారు.

“మన అతిథులు పరుపులతో విసిగిపోయారు. వెన్నెముక జాతి సంపద. దాన్ని గాలిలో ఉంచడం ఈ ప్రాంత ప్రజలకి వేల ఏళ్ళుగా తెలిసిన విద్య.”

అక్కడ ఒక్క గదిలోనూ పరుపు లేదు. అన్నీ ఉయ్యాలలే. మోంతెరేయ్ నుంచి వచ్చినవాళ్ళు వాటిలో తిన్నగా పడుకుని బోర్లా కింద పడుతుంటే, ఏటవాలుగా పడుకోవాలని విల్బెర్త్ నేర్పుతాడు. ఆ పాఠానికి విడిగా రుసుము ఉంది. నన్ను కూడా ఆయన మరిచిపోలేదు. మధ్యాహ్నాలు బిలం పక్కన ఉయ్యాలలో పడుకుంటే చాలు, అతిథులు ఫోటోలు తీసుకుంటారు, భోజనం పెడతామన్నాడు. వెళుతున్నాను. సోమవారం చిక్కుడు గింజలూ పంది మాంసం బాగానే ఉంటాయి. నిన్న ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చుని, ఇంత ప్రశాంతంగా నిద్రపోవడానికి మీరేం చేస్తారండీ అని అడిగాడు. అతనికి ఇంటి దగ్గర రిమోటు పరుపు ఉందట, నిద్ర పట్టదట. పాపం, ఆ పరుపు తాలూకు అప్పు అతనికి ఇంకా తీరలేదట.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. నవ్వడం అయ్యాక, మీ ఇంట్లో ఏ గది ఏ వస్తువు కోసం కట్టారో ఒకసారి తిరిగి చూసుకోండి. ఆ వస్తువు మీద ఇప్పుడు ఏం ఆరేస్తున్నారో కూడా చూడండి. మీ లెక్క మీరు వేసుకోండి, నాకు చెప్పనక్కర్లేదు. నాది తొమ్మిదెకరాల ఎనభై ఎనిమిది సెంట్లు, బిలంతో సహా.