కుమ్మక్కు లేని దివాలా

నాగరిక రాజ్యంలో ఏ మనిషీ తన ఇష్టం వచ్చినట్టు చెడిపోవడానికి వీల్లేదు. అందుకొక చట్టం, ఒక నమూనా, ఒక కచేరి ఉంటాయి.

పెద్ద యుద్ధం ముగిసిన మూడో ఏట గుడియాత్తంలో నాలుగు మగ్గాలు ఆడించే జయరాములుకు ఈ సంగతి తెలియదు. అతను సముద్రం అవతలి పినాంగుకు పంపిన లుంగీ బేళ్లు క్షేమంగానే చేరాయి. డబ్బు పంపవలసిన ఏజెంటు ఎక్కడికి చేరాడో మాత్రం ఎవరికీ తెలియలేదు. దాంతో నూలు వర్తకుడు అప్పాసామికి తొమ్మిది వందల రూపాయలు బాకీ నిలిచిపోయింది. ఒక ఉదయం అప్పాసామి స్వయంగా ఇంటికొచ్చి మగ్గం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నువ్వు నేస్తా ఉండు జయరామా. మూడేండ్లలో మెల్లగా తీర్చు. మగ్గాలు అమ్మితే నాకేమొస్తాది, పొయ్యిలోకి కట్టెలు. అయితే చిల్లర బాకీలోళ్లు నీ మింద పడకుండా వేలూరు కచేరిలో దివాలా ముద్ర ఒకటి ఏపించుకుందాం.”

జయరాములు భార్య పచ్చయమ్మ ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

ఇద్దరూ కాట్పాడి దాకా రైల్లో వెళ్లి, అక్కడ జట్కా ఎక్కి వేలూరు చేరారు. ఒకే గిన్నెలో పెరుగన్నం తిని, దివాలా పరిశీలన కచేరిలో బాలచంద్రన్ అనే అధికారి ముందు నిలబడ్డారు. ఆయన వాళ్లిచ్చిన అర్జీని పక్కనపెట్టి వాళ్లిద్దరినీ తేరిపార చూశాడు.

“బాకీ పడింది ఎవరు?”

“నేను సామీ,” అన్నాడు జయరాములు.

“రావలసింది ఎవరికి?”

“నాకు సామీ,” అన్నాడు అప్పాసామి.

“మరి కలిసి వస్తిరే!”

“ఒకే ఊరు కదా సామీ.”

బాలచంద్రన్ కలం కింద పెట్టాడు. పదిహేడో నిబంధన ప్రకారం అప్పు ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ స్నేహంగా కనిపిస్తే అది కుమ్మక్కు. కుమ్మక్కు ఉంటే అర్జీ కొట్టివేత. (విరోధానికి సాక్ష్యం అక్కరలేదు. కుమ్మక్కు లేని స్నేహానికి ఇద్దరు జామీనుదారులు కావాలి.)

“అరగంట టైము ఇస్తాను. వరండాలో సండ పెట్టుకొని, తిట్టుకొని రండి,” అన్నాడాయన దయగా. “నాకు వినబడాల.”

ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

“తిట్టన్నా,” అన్నాడు జయరాములు.

“ఏమని తిట్టేదప్పా? నాకు రాదే.”

“మోసగాడా అను.”

“మోసగాడా,” అన్నాడు అప్పాసామి, రోగిని పలకరించినట్టు.

“చాలదు!” అని లోపలినుంచి వినిపించింది.

ఇక లాభం లేదని జయరాములే అందుకున్నాడు. “యుద్ధం దినాల్లో బరువు తూగాలని తడి నూలు తూచి ఇస్తివే, నాకు తెలీదనుకుంటివా?”

అప్పాసామి ముఖం మారిపోయింది. ఆ మాట వరండా కోసం పుట్టింది కాదని ఇద్దరికీ తెలుసు.

“నీ పెండ్లాం పురిటికి అర్జెంటుగా నా బండి కట్టి అంపినానే, అప్పుడు గుర్తు రాలేదా తడి నూలు?”

“ఊరు మెచ్చుకోవాలని అంపితివి!”

“విశ్వాసం లేనోడా! నీకు మూడేండ్లు గడువు ఇస్తానన్న నన్ను చెప్పుతో కొట్టాల!”

పెరుగన్నం గిన్నె గోడకు తగిలి దొర్లింది. తలుపు దగ్గర నిలబడి వింటున్న బాలచంద్రన్ సంతృప్తిగా తలాడించి, అర్జీమీద ‘విరోధం నిజమైనదే’ అని రాసి ముద్ర వేశాడు.

“అన్నా...” అంటూ జయరాములు అప్పాసామి వెనకే పరుగెత్తాడు. అతను అప్పటికే జట్కా ఎక్కేశాడు.

ఆ తర్వాత అంతా సక్రమంగా జరిగింది. విరోధుల మధ్య ఒప్పందం అసంభవం గనక మూడేళ్ల గడువు రద్దయింది. చేతిపనివాడి పనిముట్లు జప్తు చేయరాదని చట్టం. అయితే గుంట మగ్గం నేలలో దిగి ఉంటుంది గనక అది పనిముట్టు కాదనీ, కట్టడమనీ తేలింది. నాలుగు మగ్గాలూ పెరికి వేలం వేశారు. గుంటలు నాలుగూ మాత్రం చట్టం దయవల్ల జయరాములుకే దక్కాయి. వచ్చిన సొమ్ము వేలం ఖర్చులకే పద్నాలుగణాలు తక్కువయింది. అప్పాసామికి దమ్మిడీ రాలేదు.

“పోయి ఆయన కాళ్లు పట్టుకోరాదా?” అన్నది పచ్చయమ్మ, గుంటలోకి కాళ్లు జారవేసి కూర్చుని.

“మూడు తూర్లు పోయినాను. వాకిలి తీయలా.”

ఆ ఏటి కచేరి నివేదికలో ఈ కేసు, ‘ఉభయపక్షాల సామరస్యంతో పరిష్కారమైనవి’ అనే శీర్షిక కింద మొదటి వరుసలో ఉంది.