వయోపరిమితి బ్యాండు డ్రమ్మర్ ఎవరు?

అశోక్‌నగర్ నిరుద్యోగ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన గల్లీలో ఒక రాక్ బ్యాండు వెలసింది. పేరు 'వయోపరిమితి'. నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న భవ్య, నవీన్ అనే ఇద్దరు అభ్యర్థులు దీని వ్యవస్థాపకులు. భవ్య పాడుతుంది. నవీన్ గిటారు వాయిస్తాడు.

డ్రమ్మర్ పోస్టు ఖాళీగా ఉండటంతో పద్ధతి ప్రకారం రాతపరీక్ష పెట్టారు. నూట యాభై ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. డ్రమ్ము వాయించమని ఎవరినీ అడగలేదు. అది సిలబస్‌లో లేదు. మొదటి ర్యాంకు బీరయ్యకు వచ్చింది. అతనికి డ్రమ్ము వాయించడం కూడా వచ్చని తర్వాత తెలిసింది. పెద్ద మనసుతో ఎవరూ పట్టించుకోలేదు.

బీరయ్య తల్లి బుగ్గమ్మ పాలమూరు నుంచి వచ్చి దోమలగూడలో ఇటుకలు మోస్తుంది. కొడుకు ఆఫీసరైన రోజున తట్ట దించాలని ఆమె ప్రణాళిక. వయసు లెక్కన బీరయ్యకు మిగిలింది ఒక్క పరీక్షే.

తొలి కచేరీ నారాయణగూడలో ఒక హాస్టల్ డాబా మీద జరిగింది. శ్రోతలు చప్పట్లు కొట్టలేదు, నోట్సు రాసుకున్నారు. రెండో పాట మధ్యలో ఒకడు లేచాడు.

"అన్నా, ఇది ప్రిలిమ్స్‌కా, మెయిన్స్‌కా?"

"రెండిటికీ," అన్నాడు నవీన్. సభ కుదుటపడింది.

'నోటిఫికేషనెప్పుడు' అనే వాళ్ల పాట ఫోన్లలో ఊరంతా తిరిగింది. చిక్కడపల్లిలో కోచింగ్ సెంటర్ నడిపే కిషన్ రావు గారు ముగ్గురినీ పిలిపించి శాలువాలు కప్పారు. "తిరుగుబాటు కూడా రోజుకు పద్నాలుగు గంటలు, క్రమశిక్షణతో చెయ్యాలె!" అని ప్రసంగించారు. ఆ వారమే 'వయోపరిమితి: ఐదువందల బిట్లు' అనే పుస్తకం అచ్చువేశారు. అందులో డ్రమ్మర్ నవీన్ అని పడింది. బీరయ్య వెళ్లి చెప్పాడు.

"వచ్చే ముద్రణల చూద్దాం తీ, తమ్మీ," అన్నారాయన.

అంతలో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష జరిగింది. ఎనభై ఏడో ప్రశ్న: వయోపరిమితి బ్యాండు డ్రమ్మర్ ఎవరు? బీరయ్య తన పేరున్న గడి నింపాడు. కీలో జవాబు నవీన్. గిటారు వాయించే నవీన్ కూడా నవీన్ అనే పెట్టి మార్కు సంపాదించాడు.

బీరయ్య అభ్యంతరం పెట్టుకున్నాడు. ఆధారం అడిగితే కచేరీ వీడియో, ఆధార్ కార్డు జతచేశాడు. నిపుణుల కమిటీ మూడు నెలలు కూర్చుని, అభ్యర్థి ప్రామాణిక గ్రంథం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. బీరయ్యకు ఉద్యోగానికి ఒక్క మార్కు తక్కువైంది.

"నీ పేరు నువ్వే పెట్టినవ్ గద బిడ్డా, తప్పెట్ల అయితది?" అని బుగ్గమ్మ అడిగింది, తట్ట దించకుండానే.

భవ్యకు ఉద్యోగం వచ్చింది. బీరయ్య ఆమెను నిలదీశాడు.

"రెండేండ్లు నీ ఎనక కూసొనే కొట్టిన. నవీన్ అని ఎట్ల పెట్టినవ్?"

"నువ్వే అని నాకెర్కనే అన్నా. కానీ బుక్కుల గట్ల లేదు గద!"

ఈ నిబద్ధతను గుర్తించి, ఆమెను అభ్యంతరాలు పరిశీలించే విభాగంలోనే వేశారు.

ఈ కథను ఇంతదాకా మీరెందుకు చదివారో మాకు తెలుసు. ప్రశ్న మళ్లీ రావచ్చు. నిజం తెలిసిపోయింది కదా అని తడబడకండి. నవీన్ అనే పెట్టండి.