గోడ మీది షెడ్డుకు కంపు లేదు

మన రేవు ఇంకా బతికి ఉందంటే అది పాత ఎచింగులు కొనేవాళ్ళ చలవే. కాదనేవాళ్ళు ముందుకు రండి!

ఎచింగ్ అంటే రాగి రేకు మీద సూదితో గీసి, యాసిడ్ తినిపించి, కాగితం మీద అద్దిన బొమ్మ. నూట నలభై ఏళ్ళ కిందట బోస్టన్ చిత్రకారులు రైలెక్కి మన మెయిన్ రాష్ట్రపు తీరానికి వచ్చి, పడవల్నీ, ఎర చేపలు నిలవచేసే షెడ్లనూ ఇలా గీసుకుపోయారు. రిటైరై ఇక్కడ స్థిరపడిన పెద్దమనుషులు ఇప్పుడు వాటిని ఓక్ ఫ్రేములతో సహా వేలంలో ఎగబడి కొంటున్నారు.

ఆ భక్తి చూడండి. వెలుగు తగిలితే కాగితం పాడవుతుందని విన్‌స్లో థ్రాప్ గారు కిటికీలన్నిటికీ తెరలు దించేశారు. సముద్రం కనబడుతుందని కొన్న ఇంట్లో, పట్టపగలు లైటు వేసుకుని సముద్రం బొమ్మ చూస్తారు. వెనక అట్టను పురుగులు తింటున్నా ఫ్రేము విప్పరు. పాత లేబుల్ చిరిగితే విలువ పోతుందట. ఇంత నిగ్రహం ఋషులకైనా ఉందా?

మొన్న టౌన్ మీటింగులో ఆయనే లేచి, రేవులో మిగిలిన ఒక్క ఎర షెడ్డుకూ లీజు పొడిగించవద్దన్నారు. కంపట. షెడ్డు నడిపే ఓరిన్ పెటింగిల్ కూడా లేచాడు.

"థ్రాప్ గారూ, ఇల్లు కొన్ననాడు ఈ కంపు తెలీలేదా? ముక్కు బోస్టన్‌లో వదిలేసి వచ్చారా?"

అందరూ నవ్వారు. తర్వాత చేతులెత్తారు. తొమ్మిది చేతుల తేడాతో షెడ్డు ఓడిపోయింది. సోమవారం కూల్చేస్తారు.

నిన్న థ్రాప్ గారింటికి వెళ్ళాను. మర్యాదస్తులు, కాఫీ ఇచ్చారు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తేమ తగలకుండా ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టి చూశాను. అదే షెడ్డు, అదే వంకర గుమ్మం. గుమ్మంలో ఒక ముసలాయన వల బాగుచేస్తున్నాడు.

"ఆ ముసలాయనే దీనికి ప్రాణం. ఆయన లేకపోతే సగం ధర కూడా పలకదు," అన్నారు థ్రాప్ గారు.

"పేరు తెలుసాండీ?"

"ఎవరో జాలరి. పేరెందుకు?"

పేరు ఎనాక్ పెటింగిల్. మా తాతకి తాత. ఓరిన్ మా తమ్ముడు. ఇవాళ పొద్దున కూడా అదే గుమ్మంలో కూర్చుని లాబ్‌స్టర్ బోనుకు వల అల్లుతున్నాడు.

థ్రాప్ గారూ, సోమవారం కూల్చేవాళ్ళతో పాటు రాగి రేకూ సూదీ కూడా పంపండి. గుమ్మంలో ఉండగానే మా తమ్ముణ్ణి గీయించుకోండి. వందేళ్ళు పోతే వాడికీ మంచి ధర వస్తుంది. అప్పటికి కంపు కూడా ఉండదు.