తెల్లకాకి ఏ గూటిది?

ఆ రోజు పొద్దున లేస్తూనే లాండ్రీ అమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం దాకా ఏమీ జరగకుండా చూసుకోవాలి.

సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ టీకి వస్తోంది. డాక్టరమ్మ కొడుకూ, లాండ్రీ అమ్మ కూతురూ ఏనాడో ఒక మాట అనేసుకున్నారు. ఇక మిగిలింది డాక్టరమ్మ మాట. దాన్ని రాబట్టడమే కష్టం. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి మాట్లాడనివ్వని వృత్తి ఆవిడది. తను కూడా అవసరానికి మించి నోరు విప్పదని పేరు. కొడుకు మాత్రం తల్లి ఊ అంటేనే పెళ్లి అని కూర్చున్నాడు.

ఏమీ జరగకుండా చూసుకోవడం అంటే మాటలా? లాండ్రీ అమ్మ మెట్లు పొడిగుడ్డతో తుడిచింది. డాక్టరమ్మ జారి కాలు విరగ్గొట్టుకుంటే సంబంధం సంగతి అటుంచి, కట్టు విప్పేదాకా ఆవిడకు సేవలు చెయ్యాలి. కుర్చీలన్నీ ఊపి చూసి, ఊగేదాన్ని మొగుడికి కేటాయించింది. డాక్టరమ్మ ఉతకమని పంపిన తెల్లకోటును అప్పటికే ఒకసారి ఇస్త్రీ చేసి, కాలరు దగ్గర ముడత ఉన్నట్టు అనుమానం వచ్చి మళ్ళీ చేసి, ఇప్పుడు చేతుల దగ్గర అనుమానపడుతోంది.

వాళ్ళ షాపు పేరు తెల్లకాకి లాండ్రీ. 'కాకినైనా తెల్లగా చేసి ఇస్తాం' అని బోర్డు. ముందు కౌంటరు, అక్కడ ఆయన. వెనక ఇస్త్రీబల్ల, అక్కడ ఆమె. మధ్యలో కమ్మీలకు వేలాడే చొక్కాల గోడ. ఇస్త్రీబల్ల పక్కనుంచే ఇల్లు మొదలవుతుంది.

ఆయన కొండవైపు మనిషి, ఆమె ఏటివైపు మనిషి. ఆ ఊళ్ళో ఉన్నవి ఆ రెండు జాతులే. మాట తీరు వేరు, కట్టు వేరు, ఒకరి మీద ఒకరికి జోకులు వేరు. పెళ్లయిన కొత్తలో ఈ మొగుడూపెళ్ళాలు మీవాళ్ళు గొప్పా మావాళ్ళు గొప్పా అనే వాదనలో పడి, ఇస్త్రీపెట్టెను ఒక పెద్దమనిషి ప్యాంటు మీద మరిచిపోయారు. ప్యాంటుతో పాటు బల్ల కూడా కాలింది. ఆ రోజు ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఈ కప్పు కింద కొండా ఏరూ అనే మాట నోట రాకూడదు. వచ్చిందీ లేదు. బయటికి రాని మాట మాత్రం ఎక్కడికి పోతుంది? లోపలే మాగుతూ ఉంటుంది.

ఎన్నికల రోజులు కావడంతో ఊరు ఊరంతా ఫోన్లలోనే కాపురం పెట్టింది. కొత్త బస్టాండు కొండవైపు కట్టాలా ఏటివైపు కట్టాలా అని 'మన ఊరి ముచ్చట్లు' పేజీలో పొద్దస్తమానం రచ్చ. లాండ్రీ అమ్మ అందులో అన్నీ చదువుతుంది గాని ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. రాస్తే పోలీసులు వస్తారని ఆమె భయం. పోలీసులు రాకపోయినా కరెంటు బిల్లు పెరగవచ్చు.

ఆ పొద్దున పేజీలో పేరు చెప్పుకోని ఒకరు ఇలా అడిగారు. "మాది కొండవైపు. మా అబ్బాయి ఒక ఏటివైపు ఆవిడ కూతుర్ని చేసుకుంటానంటున్నాడు. రెండు జాతులు కలిసిన ఇల్లు నిలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి."

దాని కింద తెల్లకాకి బొమ్మతో జవాబు పడింది. "తప్పకుండా నిలుస్తుంది. మాదీ అలాంటి ఇల్లే. ఏటివైపువాళ్ళు మొండివాళ్ళే గాని మనసు వెన్న. కొండవైపువాడు కాస్త సర్దుకుపోతే సంసారం నల్లేరు మీద బండి."

పాలు కాగేలోగా చూద్దామని ఫోను తీసిన లాండ్రీ అమ్మ అది చదివింది. మళ్ళీ చదివింది. పాలు పొంగిపోయాయి. సర్దుకుపోయింది ఎవరు? చలికాలం కిటికీ తెరిచి పడుకునే మనిషి పక్కన ముసుగుతన్ని సర్దుకున్నది ఎవరు? నోటితో అనకూడదు, ఒట్టు ఉంది. వేలితో అనకూడదని మాత్రం ఎవరూ అనుకోలేదు. జీవితంలో మొదటిసారి రాసింది.

"సర్దుకునేది ఏటివైపువాళ్ళు. కొండవైపువాళ్ళకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకోవడానికి కూడా చోటుండదు."

పంపిన వెంటనే పోలీసులు గుర్తొచ్చారు. ఫోనును మడతపెట్టిన తువ్వాళ్ళ కింద దాచేసింది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. బట్టలు అయ్యాయా అని అడిగేవాళ్ళకు ఇద్దరిలో ఎవరైనా జవాబు చెప్పడానికి వీలుగా కూతురు రెండు ఫోన్లలోనూ షాపు ఖాతానే పెట్టింది. ఎవరు రాసినా తెల్లకాకి పేరే పడుతుంది. తన చేత్తో రాస్తే తన పేరే పడుతుందని లాండ్రీ అమ్మ నమ్మకం. ఊరికి మాత్రం తెల్లకాకి తనను తానే కసిరినట్టు కనిపించింది.

కౌంటరు దగ్గర ఆయన ఫోను చూసుకుని నిర్ఘాంతపోయాడు. చొక్కాల గోడ మీదుగా కేక వేశాడు.

"ఎవడో వెధవ మన పేరు పెట్టుకుని నాతోనే వాదిస్తున్నాడే."

వెధవ అన్నది తననేనని, కావాలనే వినిపించేలా అన్నాడని ఆమె అనుకుంది. పళ్ళు బిగించి తువ్వాళ్ళ కింది నుంచి ఫోను తీసింది. ఈలోగా ఆయన రాయనే రాశాడు. "కోపం ఉన్నా మేం కడుపులో దాచుకోం. ఏటివైపువాళ్ళు 'సరే' అన్నారంటే కాదని అర్థం."

ఆమె ఆలోచించి ఆలోచించి ఒకే మాట రాసింది. "సరే."

ఇక ఊరు ఆగలేదు. ఈ కాకి ఏ గూటిదని ఒకరు అడిగారు. ఆయనకు ఒక అద్దం ఇప్పించండి, ఎదురుగా కూర్చుని తేల్చుకుంటాడని ఇంకొకరు. పాపం, సబ్బుపొడి పీల్చి పీల్చి మతి చలించి ఉంటుందని ఒక జాలిగుండె. మంచి లాండ్రీ, రెండు వైపులా ఉతుకుతోంది అని ఒకాయన రాస్తే ఊళ్ళో సగం మంది నవ్వారు. నవ్వనివాళ్ళు బస్టాండు సంగతి ఎత్తారు. ఈ కాకి మనల్ని ముక్కోపులన్నదని కొండవైపు బస్టాండు కమిటీ, మొండివాళ్ళన్నదని ఏటివైపు కమిటీ ఎవరికి వారే తీర్మానించాయి. తెల్లకాకికి ఇచ్చిన బట్టలు తక్షణం వెనక్కి తెచ్చుకోవాలని. ఎన్నికలు మొదలయ్యాక రెండు కమిటీలూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి.

కూతురు తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు నుంచి ఫోను చేసింది. "అమ్మా, నువ్వేమైనా రాశావా?"

తల్లి గొంతు తగ్గించింది. "పోలీసులు వచ్చారా?"

పోలీసులు కాదు గాని, ఎవరు రాసినా షాపు పేరే పడుతుందని కూతురు చెప్పింది. లాండ్రీ అమ్మ అక్కడే స్టూలు మీద కూలబడింది. డాక్టరమ్మ చదివితే? పిచ్చివాళ్ళ ఇల్లనుకుంటే? పిల్ల పెళ్లి ఆగిపోయి, పిల్ల ముసలిదై, దండ వేసిన తల్లి ఫోటో ముందు కూర్చుని 'సరే' అన్న మాటను తలుచుకుంటుంటే? తీసెయ్యమ్మా అంటే, అందరూ అప్పుడే ఫోటోలు తీసి దాచుకున్నారు, ఇక లాభం లేదంది కూతురు.

మొగుడికి చెబితే పగలబడి నవ్వి కౌంటరు దగ్గర అందరికీ చెబుతాడు. అందుకని అసలు సంగతి చెప్పకుండా బతిమాలింది. "సాయంత్రం డాక్టరమ్మ వెళ్ళేదాకా ఆ ఫోను ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను."

"సరే," అన్నాడాయన.

కొండవైపు మనిషి మాట కదా అని ఆమె నమ్మింది. ఇన్నేళ్ళు ఏటివైపు ఆడమనిషితో కాపురం చేస్తే ఎవరైనా ఏమవుతారో ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి కౌంటరు ముందు జనం. మా దుప్పట్లివ్వండని ఒకరు, తడిగా ఉన్నా పర్వాలేదు ఇచ్చెయ్యండని ఒకరు. ఒకాయన సగం ఇస్త్రీ అయిన ప్యాంటును ఒక కాలు నున్నగా, ఒక కాలు ముడతగా పట్టుకుపోయాడు. ఎన్నికల ఊరేగింపు కోసం ఇచ్చిన చొక్కాల మూటలకు రెండు కమిటీల పెద్దలూ వచ్చారు. కొండవైపువి నీలం, ఏటివైపువి పసుపు. రెంటినీ ఒకే రకం కాగితంలో చుట్టి పెట్టారు. ఆ తొందరలో లాండ్రీ అమ్మ వీళ్ళది వాళ్ళకూ వాళ్ళది వీళ్ళకూ అందించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా పట్టుకుపోయారు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. మెట్ల మీద జారలేదు. ఊగని కుర్చీలోనే కూర్చుంది. కూతురు పనినుంచి పరుగెత్తుకొచ్చి టీ పోసింది. ఆయన ఊగే కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. డాక్టరమ్మ ఇల్లంతా కలయజూసి, తిన్నగా అడిగింది.

"పొద్దున మీ షాపు పేరు మీద రాసింది ఎవరండీ?"

లాండ్రీ అమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరో దొంగవెధవండీ. మా ఇంట్లో అలాంటి మాటలే రావు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయనా నేనూ పాలూ నీళ్ళలా కలిసిపోయాం. ఒక్కనాడు మాటా మాటా అనుకోలేదు."

డాక్టరమ్మ మొహంలో వెలుగు తగ్గింది. కప్పు కింద పెట్టింది.

"అలాగా. మా ఇంట్లోనూ అంతే. ఆయనా నేనూ ఒకే వైపువాళ్ళం. ఒక్కనాడు గొడవ లేదు. ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయిన సంగతి నాకు మర్నాటికి గాని తెలియలేదు."

డాక్టరమ్మ లేచింది. పొద్దున ఆ రాతలు చదివి, ఆ వాదన మొగుడూపెళ్ళాలదే అయి ఉంటుందని ఎంతో ఆశపడి వచ్చానని చెప్పింది. మాట్లాడుకోని ఇంట్లో పెరిగిన కొడుకును మళ్ళీ మాట్లాడుకోని ఇంటికి అల్లుణ్ణి చెయ్యలేనంది. కూతురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా కోటు ఇప్పించండి, వెళతాను."

భయపడ్డప్పుడే ఆమె బుర్ర పనిచేస్తుంది. ఆవిణ్ణి ఎలాగైనా కాసేపు ఆపాలని, "కాలరు దగ్గర ఒక్క ముడతండీ," అంటూ లాండ్రీ అమ్మ కోటును బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె పెట్టింది. ఏం చెప్పాలో వెతుక్కుంటూ, లేని ముడతను తిప్పి తిప్పి రుద్దింది.

అప్పుడే రెండు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఒకటి తువ్వాళ్ళ కింద, ఒకటి డాక్టరమ్మ సంచిలో. డాక్టరమ్మ తన ఫోను తీసి చూసుకుని, పైకి చదివింది.

"మా ఇంట్లో ఒకావిడ ఇప్పుడే పాలూ నీళ్ళూ అంది. పాలెవరో నీళ్ళెవరో కూడా చెప్పమనండి."

చదివి తలెత్తింది. "పొద్దున ఆ పేజీలో అడిగింది నేనే. నా ప్రశ్నకే జవాబు వచ్చింది."

అందరూ ఊగే కుర్చీ వైపు చూశారు. ఆయన ఫోనును మోకాళ్ళ మధ్య దాచుకుంటూ పట్టుబడ్డాడు.

లాండ్రీ అమ్మ ఇస్త్రీపెట్టె వదిలేసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. సంబంధం గుర్తు లేదు, ఒట్టు గుర్తు లేదు.

"నీళ్ళు మీరే. పొద్దున రాసిన వెధవను నేనే. సర్దుకున్నారట సర్దుకుని. మీ కొండవైపు గాలి నా నడుంలో ఇప్పటికీ ఉంది."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఆ వెధవ నువ్వా? ఎంత బాగా రాశావే. నేను సమాధానం దొరక్క అన్నం కూడా సరిగ్గా తినలేదు."

"తినకపోతే మీకే నష్టం. మీ మేనత్త చూసిందంటే ఏటివైపు పిల్ల మాడ్చేసిందంటుంది."

"మా మేనత్త జోలికి రాకు. మీ అన్నయ్య మాత్రం తక్కువా? బయల్దేరానని ఫోను చేసి అప్పుడు స్నానానికి వెళతాడు."

అలా మేనత్త నుంచి అన్నయ్యకూ, అన్నయ్య నుంచి బస్టాండుకూ, అక్కడి నుంచి కిటికీకీ వెళ్ళింది వాదన. ఇన్నేళ్ళ సరుకు, ఒకదాని వెంట ఒకటి దొర్లుకొచ్చింది. మధ్యలో ఆయనకే నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది, కానీ ఇద్దరూ ఆపలేదు. మూటలు తారుమారయ్యాయని పోట్లాటకు వచ్చిన రెండు కమిటీల పెద్దలూ చొక్కాల గోడ అవతలే నిలబడి వింటూ, ఎవరివైపు మాట నెగ్గితే వాళ్ళు తలాడిస్తూ, మూటలు వాళ్ళలో వాళ్ళే మార్చుకున్నారు. నీలం చొక్కాల పెద్ద, కిటికీ విషయంలో మాత్రం మావాడిదే తప్పని ఒప్పుకున్నాడు.

డాక్టరమ్మ ఎప్పుడు కూర్చుందో ఎవరూ చూడలేదు. కప్పు పట్టుకుని కాబోయే కోడలి వైపు చాపింది.

"ఇంకొంచెం టీ పొయ్యమ్మా. వదినగారూ, మీరు ఆగకండి. ఆ అన్నయ్య స్నానం సంగతి పూర్తిగా చెప్పండి."

వదినగారూ అన్న ఆ ఒక్క మాటతో లాండ్రీ అమ్మ వాదన మధ్యలోనే వదిలేసింది. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. చొక్కాల వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఈ సంతోషంలో ఎక్కడో ఏదో పొంచి ఉంటుందని లాండ్రీ అమ్మకు అలవాటుగా అనుమానం వచ్చింది. గాలి పీల్చి చూసింది. ఈసారి అనుమానం నిజమే. బల్ల మీద నుంచి పొగ.

ఆ సాయంత్రమే 'మన ఊరి ముచ్చట్లు'లో, పొద్దుటి ప్రశ్న కింద, డాక్టరమ్మ తన పేరు పెట్టే రాసింది. "నిలుస్తుంది. బట్టలకు మాత్రం హామీ లేదు."