పదకొండో తేదీ ఖాళీగా ఉంది

క్యాలెండరులోని ప్రతి తేదీకీ చరిత్రలో సమాన హక్కు ఉందనీ, ఏ తేదీనీ మరో తేదీ ముందు తలదించుకునే స్థితిలో ఉంచరాదనీ తేదీల సమతుల్య మండలి తన మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఆ సమావేశం ఏ తేదీన జరిగిందో మాత్రం రాసుకోవడం మరిచిపోయారు.)

తీర్మానానికి కారణం లేకపోలేదు. పత్రికల్లో రోజూ వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చూస్తే మండలి సభ్యులకు కడుపు తరుక్కుపోయేది. కొన్ని తేదీల్లో మహానుభావులు ఒకరినొకరు తోసుకుంటూ పుట్టారు. రాజ్యాలు కూలాయి, సంధులు కుదిరాయి, ఎవరో ఏదో ధ్రువం మీద జెండా పాతారు. పక్క తేదీకి వెళ్ళి చూస్తే ఒక కవిగారి మేనల్లుడు పుట్టాడు, ఒక తోకచుక్క వచ్చింది, అదీ మబ్బుపట్టి కనపడలేదు. ఇంత అన్యాయాన్ని ఏ ప్రజాస్వామ్యం సహిస్తుంది? అందుకని ప్రతి తేదీకీ జననాల గడి, సంఘటనల గడి, మరణాల గడి కేటాయించి, ఏ గడీ ఖాళీగా ఉండరాదని నిబంధన పెట్టారు.

జననాల విభాగానికి పెద్ద కష్టమేమీ లేదు. ఆస్పత్రిలో పుట్టిన ప్రతి బిడ్డనూ ‘కాబోయే ప్రముఖులు’ అని రాసేసుకుని ఓ అరవై ఏళ్ళు ఆగుతారు. అంచనా తప్పిందని నిలదీయడానికి అప్పటికి ఆ అధికారి కుర్చీలో ఉండడు. సంఘటనల విభాగం పని మరీ సుఖం. ఏదైనా ప్రారంభిస్తే చాలు, సంఘటన అయిపోతుంది. సంతవీధి మూలనున్న మంచినీళ్ళ కుళాయిని ఒక్క ఏడాదిలోనే తొమ్మిది తేదీల్లో ప్రారంభించారు. (నీళ్ళు రావడం వేరే సంఘటన కనక దాన్ని మరో తేదీ కోసం అట్టిపెట్టారు.) ఎటొచ్చీ చచ్చేచావు మరణాల విభాగానిదే. ప్రముఖులు తమకు తోచిన రోజున, ఎవరికీ చెప్పాపెట్టకుండా పోతారు. నిండిన తేదీలోనే మళ్ళీ మళ్ళీ పోతారు. ప్రజల్లో బాధ్యత బొత్తిగా కొరవడిందని ఆ విభాగం ఏటా నివేదిక రాసి, ఏటా చీవాట్లు తింటుంది.

ఇలా ఖాళీపడి మండలి పరువు తీస్తున్న తేదీల్లో వచ్చే నెల పదకొండు ఒకటి. మనిషి అనేవాడు పుట్టినప్పటి నుంచీ ఆ తేదీన చెప్పుకోదగ్గ వాడెవడూ పోలేదు.

ఇక తొట్టి మాస్టారి సంగతి. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అంతకంటే ముఖ్యంగా, ఒక తరం తర్వాత ఒక తరం పిల్లలు బళ్ళో చదివి ఏడ్చిన లెక్కల పుస్తకం ఆయన రాసిందే. ఒక తొట్టిని ఒక కుళాయి నింపుతూ ఉంటుంది, ఇంకో కుళాయి ఖాళీ చేస్తూ ఉంటుంది, రెండూ ఒకేసారి తిప్పితే తొట్టి ఎంతసేపటికి నిండును? రెండూ ఒకేసారి ఎందుకు తిప్పాలండీ అని అడిగిన పిల్లల్ని మాస్టారు బెంచీ ఎక్కించారు. అలా ఆయనకు ఆ పేరు స్థిరపడింది. ఎదురుగా ఎవరూ అనరు కానీ, అన్నారని తెలిస్తే మాత్రం ఆయన లోలోపల మురిసిపోతారు.

ఆయనకున్న ఒకే ఒక వ్యసనం పొద్దున్నే ‘చరిత్రలో ఈ రోజు’ పైకి చదవడం. వినే భాగ్యం ఆయన భార్యది. ఆవిడ పెద్దాస్పత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. అందుచేత ప్రముఖుల మీద ఆవిడకు భక్తి కొంచెం తక్కువ.

“ఇవాళ ఆర్థిక మంత్రిగారి పుట్టినరోజట,” అని మాస్టారు చదివారు ఒక పొద్దున.

“తెలుసు. ఆ రోజు డ్యూటీ నాదే. కాళ్ళు ముందొచ్చాయి,” అన్నారావిడ పాలు పొయ్యి మీద పెడుతూ. “ఇప్పటికీ అన్నీ తలకిందులుగానే చేస్తాడు.”

“మహానుభావుల్ని అలా తీసిపారెయ్యకే.”

“నా చేతిలో ఉన్నప్పుడు అందరూ ఒకేలా ఏడ్చారండీ. మహానుభావుడని ఎవడూ చెప్పలేదు.”

మాస్టారు మరణాల గడిలోకి వెళ్ళిపోయారు. పుట్టిన ఏడాదిని పోయిన ఏడాదిలోంచి తీసివేసి, ఫలానా వాడు తనకంటే చిన్నవాడే పాపం అనుకోవడం ఆయనకు అలవాటు. ఏదో ఒక రోజున ఆ గడిలో తన పేరు పడాలన్నది ఆయన ఏకైక కోరిక. అది చదువుకోవడానికి తాను ఉండడన్న చిన్న చిక్కు ఆయనకు తెలియక కాదు, లెక్కలోకి తీసుకోలేదు.

అలాంటి రోజుల్లో ఆయనకు గుండెలో కాస్త పోటు వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి, మందులు రాసి పంపేశారు. మర్నాడే మరణాల విభాగం అధికారి పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు.

“నొప్పి వచ్చిందని తెలిసింది మాస్టారూ. మండలి తరఫున అభినందనలు,” అన్నాడు. “నేను మీ పుస్తకం చదువుకున్నవాణ్ణే. మీ తొట్టి అర్థం కాకే ఈ ఉద్యోగంలో పడ్డాను.”

మాస్టారు పొంగిపోయి కుర్చీ చూపించారు. అధికారి అసలు విషయం ఎత్తాడు. “మీరు పొరపాటున ఏ ఇరవై మూడునో పోయారనుకోండి. ఆ రోజు ఇద్దరు చక్రవర్తులు, ఒక టెలిస్కోపు కనిపెట్టినాయన, సినిమావాళ్ళు ఎలాగూ ఉంటారు. మీకు ‘తదితరులు’లో కూడా చోటు దొరకదు. అదే వచ్చే నెల పదకొండున అయితే, గడి మొత్తం మీ ఒక్కరిదే. ఏటా. ఎప్పటికీ.”

మాస్టారికి మింగుడుపడని మాట ‘తదితరులు’. ఆయన బతుకంతా దానికి భయపడే గడిచింది.

అధికారి సంచీలోంచి నమూనా తీసి చేతిలో పెట్టాడు. ‘ప్రముఖ గణిత గ్రంథకర్త, తొట్టి లెక్కల పితామహుడు కన్నుమూశారు.’ పితామహుడన్న చోట మాస్టారి కళ్ళు చెమర్చాయి.

“ప్రముఖ పక్కన సుప్రసిద్ధ కూడా పడుతుందా బాబూ?”

“రెండూ వెయ్యాలంటే పై ఆమోదం కావాలి మాస్టారూ. ప్రయత్నిద్దాం.”

ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆవిడ, “ఇంతకీ ఎలా పోవాలట ఈయన?” అని అడిగారు.

“సహజంగానే అమ్మగారూ!” అధికారి నొచ్చుకున్నాడు. “తొందరపాటు, బలవంతం ఏమాత్రం ఉన్నా దరఖాస్తు రద్దు. మామూలుగా, ప్రశాంతంగా, పదకొండున.”

“చూడు బాబూ, నేను వార్డులో ఉన్నన్నాళ్ళూ డాక్టరు చెప్పిన తేదీకి పుట్టిన బిడ్డ ఒక్కడూ లేడు. రావడానికే మాట వినని మనిషి పోవడానికి వింటాడా?”

“మా పని తేదీ ఇవ్వడం వరకేనమ్మా. తమరు ఇక్కడొక సంతకం పెడితే...” అని అధికారి ఇంకో కాగితం తీశాడు. ఇంటివాళ్ళకు అభ్యంతరం లేదన్న పత్రం అది. (గతంలో ఒక ప్రముఖుడికి తేదీ ఖరారయ్యాక, ఇంటివాళ్ళు అదే రోజున మనవరాలి పెళ్ళి పెట్టుకుని మండలిని నానా ఇబ్బంది పెట్టారు. ఈ పత్రం అప్పుడు పుట్టింది.)

“నాకు అభ్యంతరం ఉంది,” అన్నారావిడ.

అధికారి ఇలాంటివి చాలా చూశాడు. “తొందరేం లేదమ్మా. కాకపోతే ఆ తేదీకి ఇంకో అభ్యర్థి కూడా ఉన్నారు. భూగోళం పటాల పుస్తకం వేసినాయన. తమరి తమ్ముడుగారే.”

మాస్టారు కుర్చీలోంచి లేవబోయారు. బావమరిదికీ ఆయనకూ పాఠ్యపుస్తకాల సంఘంలో ఇరవై ఏళ్ళుగా పడదు.

“మా తమ్ముణ్ణి కూడా అడిగారూ?” ఆవిడ నోరెళ్ళబెట్టారు. “మా మరదలు సంతకం పెట్టిందా?”

“కాగితం విప్పకముందే పెట్టారమ్మా.”

ఆ రోజు మొదలు ఇంట్లో పోరు మొదలైంది. మాస్టారు బతిమాలారు, అలిగారు, అన్నం సహించడం లేదన్నారు. చివరికి గొంతు పెంచారు. “నా పేరు నాలుగు కాలాలపాటు నిలవడం నీకిష్టం లేదు!”

“మీరు నాలుగు కాలాలపాటు ఉండడం నాకిష్టం. పేరుతో నేనేం చేసుకోను? రాత్రి దగ్గొస్తే పేరుకి నీళ్ళివ్వాలా?”

ఆ రోజు నుంచి మాస్టారు మాట్లాడడం మానేశారు. భార్యాభర్తల మధ్య మౌనవ్రతం ఎలా నడుస్తుందో తెలిసిందే. ఆవిడ గోడతో మాట్లాడేవారు. మాత్రలు వేసుకోవాలని ఎవరికైనా గుర్తుందో లేదో అని గోడకు చెప్పేవారు. మాస్టారు కిటికీ వైపు తిరిగి మాత్ర వేసుకునేవారు. శీర్షిక మాత్రం రోజూ చదివారు, మనసులో.

ఈలోగా మండలి తన పని తాను చేసుకుపోయింది. మాస్టారి ఫోనుకు రోజూ సందేశం వచ్చేది. ‘మీ తేదీ దగ్గరపడుతోంది. మీ సన్నద్ధతకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ ఆయన మొహమాటపడి మూడిచ్చారు. ‘మరింత మెరుగుపరచుకోండి’ అని జవాబు వచ్చింది. ఇంటివారి సంతకం అందలేదు కనక మీ అభ్యర్థిత్వం తాత్కాలికం అని ఇంకో సందేశం. రెండో అభ్యర్థి అయిన మీ బావమరిది ముందంజలో ఉన్నారని మరొకటి. (ఆ సందేశాలకు జవాబు పంపే మీట లేదు. ఫిర్యాదు చేసే మీట ఉంది కానీ, అది నొక్కితే ధన్యవాదాలని వచ్చేది.)

పదో తేదీ సాయంత్రం మాస్టారు తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసుకోబోయారు. ఆయనకు ఇస్త్రీ రాదు. ఆవిడ కాసేపు చూసి, చొక్కా లాక్కుని తానే చేశారు.

“సంతకం మాత్రం పెట్టను,” అన్నారు కాలరు మడతపెడుతూ. “పదకొండు గడవనివ్వండి. పన్నెండు నుంచి మామూలుగా మాట్లాడుకుందాం.”

మాస్టారికి ఆ మాటతో సగం కోపం కరిగిపోయింది. సరేననాలని నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నాళ్ళు బిగబట్టినవాడు ఇంకొక్క రోజు బిగబట్టలేడా, పరువుగా ఉంటుంది అనుకుని ఊరుకున్నారు.

పదకొండు పొద్దున ఆయన తెల్లచొక్కా వేసుకుని, పత్రిక పట్టుకుని వసారాలో కూర్చున్నారు. మరణాల గడిలో ‘వివరాలు అందవలసి ఉంది’ అని వేశారు. ఒంట్లో ఎక్కడైనా ఏమైనా అవుతోందా అని ఆయన చాలాసేపు శ్రద్ధగా గమనించారు. ఏమీ కావడం లేదు. పైగా ఆకలేస్తోంది. బావమరిది పరిస్థితి ఎలా ఉందోనన్న బెంగ ఒకటి. ఇంతలో లోపల్నుంచి మాడు వాసన వచ్చింది.

“పాలు పొంగుతున్నాయే!” అని ఆయన గట్టిగా కేక వేశారు.

జవాబు రాలేదు. వ్రతం భంగం చేసినందుకు తనకే సిగ్గనిపించి, రెండోసారి పిలవకుండా లేచి లోపలికి వెళ్ళారు. ఆవిడ పొయ్యి పక్కన, గోడకు ఆనుకుని, నేల మీద కూర్చుని ఉన్నారు. మూత చేతిలోనే ఉంది. గుండె ఆగిపోయిందని పక్కింటి డాక్టరు వచ్చి చెప్పాడు. ఎప్పుడూ ఏ నొప్పీ చెప్పలేదే అని మాస్టారు అందరినీ అడిగారు. చెప్పడానికి ఆవిడకు గోడ తప్ప ఎవరున్నారని ఆయనకు అప్పుడు తట్టింది. అన్ని రోజుల మౌనం తర్వాత తాను ఆవిడతో అన్న మాట పాల గురించి. అదీ ఆవిడ విన్నారో లేదో తెలియదు. మాస్టారు ఏడ్చారు. తెల్లచొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నిక్షేపంలా ఉన్న బావమరిది వచ్చి ఆయన్ను పట్టుకుని తానూ ఏడ్చాడు. పాఠ్యపుస్తకాల సంఘం ఆ రోజుకు గుర్తు రాలేదు.

పదిరోజులయ్యాక మరణాల అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి పళ్ళు తేలేదు.

“చాలా బాధాకరం మాస్టారూ. పైగా పదకొండు ఖాళీగానే మిగిలిపోయింది.”

“ఖాళీ ఏమిటి బాబూ? మా ఆవిడ పోయింది ఆ రోజే కదా.”

“అవునండీ. నేనే స్వయంగా పైకి పంపాను. ‘చెప్పుకోదగ్గ’ అన్న నిబంధన దగ్గర ఆగిపోయింది.”

“ఈ ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారయ్యా. మీ జననాల గడుల్లో ఉన్నవాళ్ళని అడుగు. ఆ మంత్రిని అడుగు.”

“అదే మాస్టారూ, పుట్టినవాళ్ళకి గడి ఉంది. పట్టుకున్నవాళ్ళకి లేదు. కొత్త గడి పెట్టాలంటే మండలి మొత్తం కూర్చోవాలి.” అధికారి సంచీలోంచి ఫైలు తీశాడు. “ఇలాంటప్పుడు అనకూడదు గానీ, ఒక వెసులుబాటు కలిగింది. ఇంటివాళ్ళ సంతకం ఇక అక్కర్లేదు. వచ్చే ఏడాది పదకొండుకి మీ ఫైలు నేరుగా కదులుతుంది. సుప్రసిద్ధకి కూడా ఆమోదం వచ్చింది.”

మాస్టారు వంటింటి వైపు చూశారు. తర్వాత, బళ్ళో లెక్క మొదటి నుంచి చెప్పేటప్పటి గొంతుతో అడిగారు.

“అయితే మీ రికార్డు ప్రకారం పదకొండున ఎవరూ పోలేదు.”

“పోలేదండీ.”

“మా ఇంట్లో కూడా.”

“ఎక్కడా పోలేదండీ.”

“మరి మా ఆవిడ ఇంటికెప్పుడొస్తుంది?”

ఉద్యోగంలో చేరాక అధికారిని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అతను ఫోను తీసి నిబంధనలన్నీ ఓపిగ్గా వెతికి, మర్యాదగా చెప్పాడు.

“వస్తే అది మా విభాగం కిందికి రాదు మాస్టారూ, సంఘటన అవుతుంది. వాళ్ళకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.”